తుపాను తర్వాత జేసీబీకి గిరాకీ.. మరి ఈఎంఐకి గ్యారంటీ ఎవరు? సిక్కోలు, విజయనగరం జిల్లాల్లో అసలు లెక్క ఇదీ!

తుపాను తీరం దాటిన మర్నాడు ఊళ్లో అందరూ అడిగేది ఒకటే. రోడ్డు ఎప్పుడు క్లియర్ అవుతుంది? కరెంటు ఎప్పుడొస్తుంది? ఈ రెండింటికీ కావాల్సింది మనుషులతో పాటు మెషీన్లు. చెట్లు కోసే రంపాలు, జేసీబీలు, క్రేన్లు, జనరేటర్లు, ట్రాక్టర్లు, టిప్పర్లు. ఆ వారం రోజులు జేసీబీ ఓనర్ ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఆఫీసర్లు పిలుస్తారు, సర్పంచులు పిలుస్తారు, తోట రైతులు పిలుస్తారు.

అది చూసి చాలామంది కుర్రాళ్లకు ఒక ఆలోచన వస్తుంది. "లోన్ మీద ఒక బండి దించేస్తే?" అని. ఫైనాన్స్ కంపెనీలు కూడా రెడీగా ఉంటాయి. అయితే తుపాను గిరాకీ ఉండేది కొన్ని వారాలు. ఈఎంఐ కట్టాల్సింది నాలుగేళ్లు. ఈ మధ్యలో బిల్లు ఎప్పుడొస్తుందో తెలియదు. అసలు తుపాను తర్వాత మెషీన్లకు గిరాకీ ఎలా వస్తుంది, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడ ఆగుతుంది, నష్టపోకుండా ఉండాలంటే ఏం చూసుకోవాలి? వివరంగా చూద్దాం.

అక్టోబర్ అంటే భయం ఎందుకు?

ఉత్తరాంధ్రకు అక్టోబర్ నెల గండం లాంటిది. 2013 అక్టోబర్ 12న పైలిన్ ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. పక్కనే ఉన్న ఇచ్ఛాపురం, సోంపేట వైపు దెబ్బ తగిలింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. విశాఖతో పాటు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు కూడా రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ కళింగపట్నానికి దగ్గర్లోనే దాటింది. 2025 అక్టోబర్ 28న మొంథా గోదావరి జిల్లాల వైపు తీరం దాటినా, ఇక్కడా వానలు దంచికొట్టాయి.

తేదీలు గమనించారా? మూడు పెద్ద తుపాన్లు అక్టోబర్ 11, 12 తేదీల్లోనే వచ్చాయి. ఏ తుపాను ఎక్కడ దాటుతుందో ముందే చెప్పలేం కానీ, ఏ నెలలో మెషీన్లు కావాలో మాత్రం అందరికీ తెలుసు. అంటే ఈ గిరాకీకి ఆగస్టులోనే ఏర్పాట్లు చేసుకోవచ్చు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

తుపాను తర్వాత ఏ మెషీన్ ఎప్పుడు కావాలి?

చాలామంది మొదట జేసీబీ గుర్తు చేసుకుంటారు. నిజానికి దానికంటే ముందు కావాల్సింది రంపం. రోడ్డుకు అడ్డంగా పడిన పెద్ద చెట్టును జేసీబీ ఒక్కటే నెట్టలేదు. కొమ్మలు, కాండం ముక్కలుగా కోస్తేనే బకెట్‌తో పక్కకు తోయగలం. ఇంధనంతో నడిచే రంపం ఒక మనిషి మోసుకెళ్లేంత చిన్నది. అది లేకపోతే దాని వెనక లక్షల రూపాయల బండి ఇంజన్ ఆపి నిలబడాల్సిందే.

తిత్లీ అప్పుడు ఉద్దానంలో జరిగింది ఇలాంటిదే. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలమట్టమయ్యాయి. మెయిన్ రోడ్లు ముందు తెరుచుకున్నా, తోటల మధ్య నుంచి పల్లెలకు వెళ్లే సన్న దారులు అలా కాదు. అక్కడ క్రేన్ తిరగదు, పెద్ద పొక్లెయిన్ దూరదు. రంపం, తాళ్లు, మనుషులే దిక్కు.

రెండో దశ కరెంటు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు కరెంటు ఇచ్చేది విశాఖ కేంద్రంగా పనిచేసే ఏపీఈపీడీసీఎల్. తుపాను తర్వాత ఆ సంస్థకు వేల సంఖ్యలో స్తంభాలు కావాలి. వైర్లు కావాలి, ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి. స్తంభం వచ్చిందంటే పని అయిపోయినట్టు కాదు. గొయ్యి తవ్వాలి, స్తంభాన్ని లేపి నిలబెట్టాలి, వైరు లాగాలి. గొయ్యి తీసే ట్రాక్టర్ మెషీన్, చిన్న క్రేన్ ఉంటే పని చకచకా సాగుతుంది. లేకపోతే ఒక్కో స్తంభానికి పదిమంది తాళ్లు పట్టి లాగాలి. అందుకే పక్క జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి సిబ్బందిని రప్పిస్తారు. తిత్లీ సమయంలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు పలాసలో మకాం వేసి మరీ ఈ పనులు చూశారు.

మూడోది జనరేటర్. కరెంటు లేకపోతే ఓవర్‌హెడ్ ట్యాంక్ నిండదు. తాగునీళ్లు ఆగిపోతాయి. కిడ్నీ వ్యాధుల భయంతో శుద్ధి చేసిన నీళ్ల మీదే ఆధారపడే ఉద్దానం లాంటి చోట ఇది ప్రాణాల మీదకు వచ్చే విషయం. సెల్ టవర్లకు జనరేటర్ కావాలి, ఆస్పత్రులకు కావాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని చిక్కు ఇంకోటి ఉంది. పెట్రోల్ బంక్‌లో డీజిల్ పంపు నడవాలన్నా కరెంటు కావాలి. బంక్‌లో జనరేటర్ లేకపోతే ట్యాంక్ నిండా డీజిల్ ఉన్నా బయటకు రాదు. సెల్ సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే, కార్డు ఏవీ పనిచేయవు. చేతిలో నోట్లు ఉన్నవాడికే డీజిల్. అంటే మొదటి మూడు రోజులు మెషీన్ ఉన్నా, నగదు లేకపోతే బండి కదలదు.

రోడ్లు, గట్లు, తోటలు.. తర్వాత పని ఎక్కడుంది?

మొదటి వారం హడావిడి తగ్గాక కూడా పని ఉంటుంది. వంశధార, నాగావళి, బాహుదా, మహేంద్రతనయ లాంటి నదుల్లో వరద వస్తే గట్లకు గండ్లు పడతాయి. వాటిని పూడ్చాలి. కోతకు గురైన రోడ్లకు మట్టి పోయాలి. కాలువల్లో పేరుకున్న చెత్త తీయాలి. టిప్పర్లు, పొక్లెయిన్లు ఎక్కువగా తిరిగేది ఈ దశలోనే.

తోటల సంగతి వేరు. కూలిన కొబ్బరి చెట్టును కోయించి, మోడు పెకలించి, దుంగలు బయటకు తీస్తేనే మళ్లీ మొక్క పెట్టగలరు. తిత్లీ తర్వాత కొబ్బరి చెట్టుకు ప్రకటించిన 1,500 రూపాయల పరిహారాన్ని 2019లో వచ్చిన ప్రభుత్వం 3,000కు పెంచింది. అయితే చెట్టు తీయించే ఖర్చు రైతుకు ముందే వస్తుంది, పరిహారం తర్వాత వస్తుంది. చేతిలో డబ్బు లేని రైతు జేసీబీ ఓనర్‌కు అప్పు పెడతాడు. ఆ అప్పు ఓనర్ మీద పడుతుంది.

ఆరు నెలలు, ఏడాది తర్వాత వచ్చేది మూడో దశ. శాశ్వత నిర్మాణాలు. హుద్‌హుద్ తర్వాత 2015లో ప్రపంచ బ్యాంకు ఏపీ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టుకు 25 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. విశాఖలో భూగర్భ కరెంటు కేబుళ్లు, తీర జిల్లాల్లో రోడ్లు, తుపాను షెల్టర్లు అందులో భాగం. మంచి పనులే. కానీ ఇవి టెండర్లతో జరిగే పెద్ద పనులు. సోంపేటలో ఒక్క జేసీబీ ఉన్న కుర్రాడికి వీటిలో నేరుగా చోటు ఉండదు. పెద్ద కాంట్రాక్టర్ దగ్గర సబ్ కాంట్రాక్ట్‌లోనో, గంట అద్దెకో తిరగాల్సిందే.

డబ్బు ఎవరిస్తారు? ఎలా వస్తుంది?

తుపాను సహాయక పనులకు మొదటి ఆధారం రాష్ట్ర విపత్తు స్పందన నిధి. ఏపీ లాంటి సాధారణ రాష్ట్రాల్లో ఇందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఇది సరిపోనంత పెద్ద విపత్తు అయితే జాతీయ నిధి నుంచి అదనంగా అడగాలి. రాష్ట్రం నష్టాల నివేదిక పంపాలి, కేంద్ర బృందం వచ్చి చూడాలి, ఆ తర్వాత ఉన్నత స్థాయి కమిటీ ఆమోదించాలి.

అడిగినంతా రాదు కూడా. హుద్‌హుద్ నష్టాన్ని రాష్ట్రం 21,908 కోట్లుగా లెక్కగట్టింది. విశాఖ వచ్చిన ప్రధాని మోదీ తక్షణ సాయంగా ప్రకటించింది 1,000 కోట్లు. తిత్లీకి తక్షణం 1,200 కోట్లు ఇవ్వాలని రాష్ట్రం అడిగింది. కేంద్ర కమిటీ ఆమోదించిన అదనపు సాయం 539.52 కోట్లు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ నిధి తక్షణ మరమ్మతులకే తప్ప శాశ్వత నిర్మాణానికి కాదు. తిత్లీ నాటికి అమల్లో ఉన్న 2015-20 నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతాల్లో తక్షణ మరమ్మతులకు మామూలుగా 30 రోజులు, విపత్తు తీవ్రంగా ఉంటే 45 రోజుల గడువు. కరెంటు పనుల్లో 11 కేవీ వరకు ఉన్న లైన్లకే లెక్క. ఒక్కో స్తంభానికి 4,000 రూపాయలు, పాడైన ట్రాన్స్‌ఫార్మర్‌కు లక్ష రూపాయల చొప్పున అప్పట్లో అంచనా వేసేవారు. స్తంభం కొని, తెచ్చి, నిలబెట్టి, వైరు లాగితే అయ్యే అసలు ఖర్చుకు, ఈ 4,000కు మధ్య తేడాను విద్యుత్ సంస్థే భరించాలి. ఆ సంస్థ అప్పు చేయాలి, లేదా కాంట్రాక్టర్‌కు బిల్లు ఆలస్యం చేయాలి. కాంట్రాక్టర్ మెషీన్ ఓనర్‌కు ఆలస్యం చేస్తాడు. ఆలస్యం ఇలా పైనుంచి కిందికి దిగుతుంది. ఓనర్ మాత్రం ఫైనాన్స్ కంపెనీకి ఆలస్యం చేయలేడు.

మరి మెషీన్లు కొనడానికి ఈ నిధి వాడొచ్చా? వాడొచ్చు. కానీ ఒక పరిమితి పెట్టారు. అవే నిబంధనల ప్రకారం సహాయక, రక్షణ పరికరాలకు రాష్ట్ర నిధి ఏడాది కేటాయింపులో 10 శాతానికి మించకూడదు. అందుకే ప్రభుత్వాలు రంపాలు, బోట్లు లాంటివి కొంటాయి. జేసీబీలు, క్రేన్లు మాత్రం ఎక్కువగా అద్దెకే తీసుకుంటాయి. అంటే తుపాను రోజు ప్రభుత్వం ఆధారపడేది మన జిల్లాల్లో ఈఎంఐల మీద నడిచే బండ్ల మీదే!

ఈఎంఐ లెక్క వేసి చూద్దామా?

ఇప్పుడు అసలు పాయింట్‌కు వద్దాం. కింది అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవే. మీ ఊరి అద్దె, మీ లోన్ వడ్డీ వేసుకుని మీరే సరిచూసుకోవచ్చు.

ఒక జేసీబీకి 30 లక్షల లోన్ తీసుకున్నారనుకుందాం. వడ్డీ 12 శాతం, గడువు 48 నెలలు. నెల ఈఎంఐ సుమారు 79,000 రూపాయలు. ఆపరేటర్ జీతం 25,000. ఇన్సూరెన్స్, ట్యాక్స్ నెలకు పంచితే 6,000. మొత్తం 1,10,000. బండి కదిలినా కదలకపోయినా ఇది కట్టాల్సిందే.

గంటకు అద్దె 1,200 అనుకుందాం. గంటకు 5 లీటర్ల డీజిల్, లీటరు 100 లెక్కన 500 పోతుంది. ఆయిల్, గ్రీజు, టైర్ల అరుగుదలకు 100. గంటకు మిగిలేది 600. అంటే నెలకు 183 గంటలు పని దొరికితేనే లాభం లేదు, నష్టం లేదు. నెలలో ఒక్క రోజు కూడా ఆగకుండా రోజుకు ఆరు గంటలకు పైనే తిరగాలి.

ఇప్పుడు తుపాను నెల చూద్దాం. 20 రోజులు, రోజుకు 12 గంటలు. మొత్తం 240 గంటలు. బిల్లు 2,88,000. వినడానికి బాగుంది. కానీ డీజిల్ 1,20,000, మెయింటెనెన్స్ 24,000, దానికి ఆ నెల కట్టాల్సిన 1,10,000 కలిపితే ఖర్చు 2,54,000. మిగిలింది 34,000. ఈఎంఐలో సగం కూడా కాదు! ఆపరేటర్‌కు ఓవర్‌టైమ్ బత్తా ఇందులో లెక్కేయలేదు.

ఇది బిల్లు వెంటనే వస్తేనే. ఆరు నెలలు ఆగిందనుకోండి. ఆ 2,54,000ను ఓనర్ బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టాడనుకుంటే, నెలకు వడ్డీ 5,080. ఆరు నెలలకు 30,480. అంటే 34,000లో మిగిలేది 3,520 రూపాయలు. 240 గంటలు రాత్రీ పగలూ తిప్పినందుకు చేతికొచ్చేది అంతే. బిల్లు ఏడో నెలకు జారితే నష్టమే. తుపాను సీజన్‌ను నమ్ముకుని లోన్ తీసుకోవద్దని అనుభవజ్ఞులైన ఓనర్లు చెప్పేది ఇందుకే.

అయితే బండి కొనడమే తప్పా? కాదు. ఏడాదంతా పని ఉంటే తుపాను నెల అదనపు ఆదాయం. విజయనగరం జిల్లా భోగాపురంలో ఎయిర్‌పోర్టు, శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో మూలపేట పోర్టు పనులకు 2023లో శంకుస్థాపన జరిగింది. హైవే పనులు, ఇళ్ల లేఅవుట్లు, చెరువు పూడికతీత కూడా ఉంటాయి. ముందు చూసుకోవాల్సింది ఇలాంటి పని దొరికే అవకాశం. తుపానును నమ్ముకుని కాదు, తుపాను లేని పదకొండు నెలలను నమ్ముకుని కొనాలి.

తిత్లీ టైమ్‌లో అప్పుల మార్కెట్ ఎలా ఉంది?

ఈ వాహనాలకు అప్పులిచ్చే వాటిలో బ్యాంకులతో పాటు బ్యాంకేతర ఫైనాన్స్ సంస్థల పాత్ర చాలా పెద్దది. కాగితాలు తక్కువ, లోన్ త్వరగా వస్తుంది, వడ్డీ కాస్త ఎక్కువ. అయితే ఈ సంస్థలు కూడా బ్యాంకుల దగ్గర, మార్కెట్లో అప్పు తెచ్చే ఇస్తాయి. 2018 సెప్టెంబర్‌లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అప్పులు కట్టలేక చేతులెత్తేయడంతో దేశవ్యాప్తంగా ఈ సంస్థలకు డబ్బు దొరకడం కష్టమైంది. ఆ తర్వాత కొద్ది వారాలకే ఉద్దానం మీద తిత్లీ విరుచుకుపడింది. మెషీన్ల ఫైనాన్స్‌లో పెద్ద పేరున్న స్రేయి బోర్డులను 2021 అక్టోబర్‌లో రిజర్వ్ బ్యాంకు రద్దు చేసింది. అంటే తుపాను మన దగ్గర వచ్చినా, అప్పు దొరకడం ఎక్కడో ముంబైలో, కోల్‌కతాలో జరిగే విషయాల మీద కూడా ఆధారపడి ఉంటుంది.

వాయిదా దొరుకుతుందా?

తిత్లీ వచ్చిన ఆరు రోజులకు, 2018 అక్టోబర్ 17న, ప్రకృతి విపత్తుల ప్రాంతాల్లో బ్యాంకులు ఇవ్వాల్సిన ఊరటపై రిజర్వ్ బ్యాంకు సమగ్ర ఆదేశాలు ఇచ్చింది. ఆ 2018 ఆదేశాల ప్రకారం పంట నష్టం 33 శాతం దాటితే పంట రుణాలను రీషెడ్యూల్ చేయొచ్చు. నష్టం 33 నుంచి 50 శాతం ఉంటే రెండేళ్ల వరకు, అంతకు మించితే ఐదేళ్ల వరకు గడువు. కనీసం ఏడాది మారటోరియం చూడాలని కూడా వాటిలో ఉంది. ఇతర టర్మ్ లోన్లు, చిన్న వ్యాపారాల రుణాల మీద కూడా పరిస్థితిని బట్టి నిర్ణయం తీసుకోవచ్చు. బ్యాంకేతర ఫైనాన్స్ సంస్థలకు కూడా ఇలాంటి మార్గదర్శకాలు 2016లోనే వచ్చాయి.

కానీ ఇది దానంతట అదే జరగదు. జిల్లాను విపత్తు ప్రాంతంగా ప్రకటించాలి, బ్యాంకర్ల కమిటీ కూర్చోవాలి, మీరు దరఖాస్తు పెట్టాలి. ఇంకో ముఖ్యమైన మాట. వాయిదా అంటే మాఫీ కాదు. ఆగిన నెలలకు వడ్డీ పెరుగుతుంది. బండి తుపానులో పాడై ఆదాయం ఆగితే వాయిదా అడగడం సబబే. బండి బాగానే ఉండి బిల్లు మాత్రమే ఆగితే, మొదట గట్టిగా అడగాల్సింది బిల్లు.

చట్టం ఏం చెబుతోంది? ఓనర్లకు ఇది తెలిసి తీరాలి

విపత్తు నిర్వహణ చట్టం 2005లో ఓనర్లకు పనికొచ్చే మూడు సెక్షన్లు ఉన్నాయి.

సెక్షన్ 50: విపత్తు సమయంలో టెండర్ పిలవకుండానే అత్యవసర సామగ్రి తీసుకునే వీలు కల్పిస్తుంది. దాన్ని వాడినట్టు అధీకృత అధికారి ఇచ్చే సర్టిఫికెట్టే చెల్లింపు లెక్కలకు సరైన ఓచర్.

సెక్షన్ 65: అవసరమైతే ప్రైవేటు వాహనాలు, వనరులను రాష్ట్ర కార్యనిర్వాహక కమిటీ, జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ లాంటివి స్వాధీనం చేసుకోవచ్చు. దానికి రాతపూర్వక ఆర్డర్ ఉండాలి.

సెక్షన్ 66: అలా తీసుకుంటే పరిహారం ఇవ్వాలి. వాహనం అయితే ఆ ప్రాంతంలో నడుస్తున్న అద్దె రేటు ఆధారంగా లెక్కగట్టాలి. ఇచ్చిన మొత్తం తక్కువనిపిస్తే 30 రోజుల్లోగా మధ్యవర్తికి పంపమని కోరవచ్చు.

అంటే చట్టం ఓనర్ వైపు కూడా ఉంది. అయితే తుపాను హడావిడిలో చాలావరకు పని నోటి మాట మీదే జరుగుతుంది. "ముందు పని చేయండి, తర్వాత చూద్దాం" అంటారు. నెల తర్వాత ఆ ఆఫీసర్ బదిలీ అయితే? కాగితం లేని గంటలు గాలికి పోయినట్టే.

ఓనర్లు ఈ జాగ్రత్తలు తీసుకోండి

- పని మొదలుపెట్టే ముందు చిన్న చీటీ మీదైనా ఆర్డర్ రాయించుకోండి. ఎవరు పిలిచారు, ఏ ఊరు, గంటకు ఎంత అన్నది ఉండాలి. సిగ్నల్ వచ్చాక వాట్సాప్‌లో కూడా పంపించమనండి.
- రోజూ సాయంత్రం లాగ్ షీట్ మీద మీటర్ రీడింగ్ రాసి, అక్కడున్న అధికారితో సంతకం చేయించుకోండి. బండి పని చేస్తున్న ఫొటోలు తేదీతో ఉంచుకోండి.
- డీజిల్ ప్రభుత్వం పోస్తుందా, మీరు పోయాలా? ముందే తేల్చుకోండి. డీజిల్ వాళ్లు పోస్తే మీరు అప్పు చేయాల్సింది దాదాపు సగానికి తగ్గుతుంది.
- ఇన్సూరెన్స్ కాగితం ఒకసారి చదవండి. జేసీబీ రోడ్డు మీద వెళ్తూ ప్రమాదానికి గురైతే ఒక లెక్క, తవ్వకం పని చేస్తూ బోల్తా పడితే ఇంకో లెక్క. రెండోదానికి అదనపు ప్రీమియం కట్టి ఉండాలి. బురద నేలలో, తెగిన గట్ల మీద పని చేసేటప్పుడు ఎక్కువగా జరిగేది అదే.
- కరెంటు వైర్లు పడి ఉన్నచోట లైన్ ఆపేశారని విద్యుత్ సిబ్బంది చెప్పేదాకా బకెట్ లేపొద్దు. పక్కింటి జనరేటర్ నుంచి కూడా వైర్లలోకి కరెంటు వెనక్కి రావొచ్చు.
- కనీసం మూడు నెలల ఈఎంఐ పక్కన పెట్టుకున్నాకే అప్పు మీద తుపాను పనికి దిగండి.

ప్రభుత్వం ఏం చేస్తే బాగుంటుంది?

మొంథా సమయంలో జేసీబీలు, రంపాలు, జనరేటర్లను తుపాను రాకముందే సిద్ధంగా ఉంచారు. ఇది మంచి మార్పు. అయితే మెషీన్‌ను ముందే నిలబెట్టినంత మాత్రాన సరిపోదు. డబ్బును కూడా ముందే నిలబెట్టాలి.

దీనికి కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా లేదు. విపత్తు సమయంలో టీఆర్-27 కింద కలెక్టర్లు ట్రెజరీ నుంచి ముందుగానే డబ్బు డ్రా చేసే పద్ధతి మన రాష్ట్రంలో ఉంది. అలా తీసిన డబ్బులో కొంత భాగం డీజిల్‌కు, మొదటి వారం మెషీన్ అద్దెలకు కేటాయిస్తే చిన్న ఓనర్ వడ్డీ వ్యాపారి దగ్గరకు వెళ్లాల్సిన పని ఉండదు. ఆగస్టులోనే మండలాల వారీగా మెషీన్ల జాబితా, గంటకు రేటు, ఓనర్ బ్యాంకు ఖాతా నంబర్ తీసుకుని ఒప్పందం రాసుకుంటే, అక్టోబర్‌లో ఒక్క ఫోన్‌తో పని మొదలవుతుంది. బేరాలు ఉండవు. తుపాను రోజు గంటకు రెట్టింపు అడిగే వాళ్లకు కూడా అడ్డుకట్ట పడుతుంది.

బయట ఇలాంటి ఏర్పాట్లు ఉన్నాయి. అమెరికాలో 2005లో కత్రినా హరికేన్ తర్వాత పాఠం నేర్చుకుని, విపత్తు రాకముందే కాంట్రాక్టులు సిద్ధం చేసి ఉంచాలని 2006లో చట్టమే తెచ్చారు. కరేబియన్ దేశాలు 2007లో కలిసి ఒక బీమా నిధి పెట్టుకున్నాయి. గాలి వేగం లాంటి కొలతలు ముందే అనుకున్న గీత దాటితే, నష్టాల సర్వే కోసం ఆగకుండా 14 రోజుల్లోపు డబ్బు వస్తుంది. పక్కనే ఉన్న ఒడిశా 1999 సూపర్ సైక్లోన్ తర్వాత సొంతంగా విపత్తు దళాన్ని తయారు చేసుకుని రంపాలు, బోట్లు ఇచ్చింది. మనకు, ఒడిశాకు మధ్య ఉన్నది ఇచ్ఛాపురం బోర్డరే. తుపానుకు ఆ బోర్డర్ కూడా లేదు.

చివరిగా..

తుపాను తర్వాత మన ఊరికి రోడ్డు తెరుచుకోవడం, ట్యాంక్‌లో నీళ్లు పడటం, ఇంట్లో బల్బు వెలగడం అనేవి చాలావరకు లోన్ మీద నడిచే ఒక బండి, దాన్ని నడిపే ఒక ఆపరేటర్ మీద ఆధారపడి ఉంటాయి. ఆ బండికి బిల్లు నెలలో వస్తే వచ్చే తుపానుకు కూడా అది మన ఊళ్లోనే ఉంటుంది. బిల్లు ఆరు నెలలు ఆగితే ఫైనాన్స్ వాళ్లు లాక్కెళ్లే ప్రమాదం ఉంది. అప్పుడు అక్టోబర్‌లో ఎంత ఫోన్ చేసినా పక్క జిల్లా నుంచి బండి రావాల్సిందే. ఆ ఆలస్యం ఖరీదు ఓనర్ ఒక్కడే కాదు, చీకట్లో కూర్చున్న ఊరంతా కడుతుంది. కాబట్టి బండి కొనాలనుకునే కుర్రాళ్లు పైన చెప్పిన లెక్క ఒకసారి వేసుకోండి. బండి ఉన్నవాళ్లు ఈ సీజన్ మొదలవకముందే ఇన్సూరెన్స్ కాగితం, లాగ్ షీట్ పుస్తకం సిద్ధం చేసుకోండి.